సమోసా కోసం ఏ ఓవర్లో లేవాలి?

ఇవాళ ఉప్పల్ స్టేడియం కబుర్లు చెప్పుకుందాం. ఆట సంగతులు కాసేపు పక్కన పెట్టి, తిండి సంగతులు మాట్లాడుకుందాం. మ్యాచ్‌కి వెళ్లినప్పుడు ఏం కొనుక్కోవాలి, ఎప్పుడు కొనుక్కోవాలి? చిన్న విషయమే అనిపిస్తుంది కదూ? మ్యాచ్ చూసొచ్చినవాళ్లని "ఎలా జరిగింది?" అని అడిగి చూడండి. బ్యాటింగ్ గురించి నాలుగు మాటలు చెప్పి, నీళ్ల కోసం ఎంతసేపు నిలబడ్డారో, పిల్లాడు ఎప్పుడు ఏడుపు మొదలెట్టాడో, బిర్యానీ డబ్బా చేతికొచ్చేసరికి ఎవరు ఔటయ్యారో చెబుతారు. అంత ఖర్చు పెట్టి, సెలవు పెట్టుకుని వెళ్లిన సాయంత్రం క్యూలో కరిగిపోకూడదనే ఈ కబుర్లు.

నేను చెప్పదలచుకున్నది ఒక్క ముక్కే. స్టేడియంలో కడుపు చెప్పినప్పుడు కాకుండా ఆట చెప్పినప్పుడు లేవాలి. మనకి ఆకలి వేసే వేళకే అందరికీ ఆకలి వేస్తుంది. ఆట నెమ్మదించే ఘడియ ఎప్పుడొస్తుందో కాస్త ముందే చూసుకుంటే వేడి తిండీ దొరుకుతుంది, ఆటా దక్కుతుంది.

మన పెద్దవాళ్లకి ఈ తంటా ఉండేది కాదు. ఎల్బీ స్టేడియంలో మ్యాచ్‌లు జరిగే రోజుల్లో పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్లిన తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. 1999 నవంబరు 8న న్యూజిలాండ్ మీద సచిన్ 186 నాటౌట్‌గా నిలిచి, ద్రవిడ్ 153 కొట్టి, ఇద్దరూ రెండో వికెట్‌కి 331 పరుగులు జోడించింది ఆ మైదానంలోనే. డబ్బా ఒళ్లో ఉంటే అలాంటి భాగస్వామ్యాన్ని వదిలి లేవాల్సిన పని లేదు. ఇప్పుడు ఆ వీలు లేదు. బయటి తినుబండారాలు, నీళ్ల సీసాలు, బ్యాగులు, పవర్‌బ్యాంకులు గేటు దగ్గరే ఆపేస్తారు. భద్రత కోసం పెట్టిన నియమం, పాటించాల్సిందే. కాకపోతే లోపలికి వెళ్లాక నాలుగైదు గంటలు మన తిండీ నీళ్లూ మొత్తం ఆ కౌంటర్ల చేతిలోనే ఉంటాయి. అందుకే ఆ కౌంటర్ల తీరు తెలుసుకుని వెళ్లడం మంచిది.

ముందు లెక్క చూద్దాం. ఐపీఎల్‌లో ఒక ఇన్నింగ్స్‌కి ఇచ్చే సమయం 90 నిమిషాలు. అందులో రెండు స్ట్రాటెజిక్ టైమౌట్లు, ఒక్కోటి రెండున్నర నిమిషాలు. అవి తీసేస్తే 20 ఓవర్లకి 85 నిమిషాలు మిగులుతాయి. అంటే ఓవర్‌కి నాలుగుంబావు నిమిషాలు. మీరు పది నిమిషాలు క్యూలో నిలబడ్డారంటే పద్నాలుగు బంతులు చూడలేదన్న మాట. కౌంటర్ దాకా నడక, తిరిగొచ్చి మెట్లెక్కి మన సీటు వెతుక్కోవడం కూడా కలిపితే ఇంకో ఓవర్ పోతుంది.

పద్నాలుగు బంతులేగా అంటారా? 2024 మే 8 రాత్రి గుర్తు తెచ్చుకోండి. ఉప్పల్‌లోనే. లక్నో జట్టు 165 పరుగులు చేసింది. మన హైదరాబాద్ జట్టు ఓపెనర్లు హెడ్, అభిషేక్ దిగారు. వికెట్ పడకుండా 9.4 ఓవర్లలో 167 కొట్టేసి ఆట ముగించారు. మొదటి ఆరు ఓవర్లలోనే 107 వచ్చాయి. ఆ ఇన్నింగ్స్ మొత్తం కలిపి 58 బంతులు. బ్రేక్‌లో భోజనం కోసం దిగి, బ్రేక్ అయిపోయాక ఇంకో పావుగంట క్యూలోనే ఉండిపోయిన మనిషికి అందులో మూడో వంతుకు పైగా పోయినట్టే. గోడ అవతల జనం కేక వేస్తుంటే ముందున్న మనిషి భుజం మీదుగా కౌంటర్ వంక చూస్తూ నిలబడటం ఎంత కష్టమో క్రికెట్ ఇష్టపడేవాళ్లందరికీ తెలుసు.

ఇప్పుడు రాత్రి ఏడున్నర మ్యాచ్‌ని ఘడియల వారీగా చూద్దాం.

మొదటి మంచి సమయం టాస్‌కి ముందు. టాస్ ఏడింటికి. మీరు ఆరింటికల్లా లోపలికి చేరారనుకోండి, స్టాండ్ సగం ఖాళీగా ఉంటుంది, కౌంటర్లవాళ్లు అప్పుడే సర్దుకుని ఉంటారు, నూనె కొత్తది, సరుకు నిండుగా ఉంటుంది. ఈ గంట పెళ్లి భోజనాల్లో మొదటి పంక్తి లాంటిది: అన్నీ వేడిగా, అన్నీ ఉండగా, వడ్డించేవాళ్లు ఓపికగా ఉన్నప్పుడు తినొచ్చు. ఏదైనా గట్టిగా తినాలనుకుంటే ఇప్పుడే తినేయండి. కూర్చున్న చోటు నుంచి ఏ కౌంటర్ ఎటుందో, నీళ్లు ఎక్కడ దొరుకుతాయో, టాయిలెట్ ఎటువైపో కూడా ఈ గంటలోనే చూసి పెట్టుకోండి. చీకటి పడ్డాక, జనం నిండాక వెతకడం వేరు.

ఇంకా ఆలస్యంగా వచ్చేవాళ్లు బయటే తినేసి రావడం నయం. మెట్రోలో వస్తే స్టేడియం స్టేషన్‌కి ముందే హబ్సిగూడలోనో తార్నాకలోనో దిగి, ఇడ్లీయో దోసెయో తిని, టీ తాగి మళ్లీ ఎక్కొచ్చు. నిండు కడుపుతో లోపలికి వెళ్లిన మనిషి ఆ తర్వాత కొనుక్కునేదంతా సరదాకే. ఆకలి తీర్చుకోవడానికి కొనేదానికీ సరదాకి కొనేదానికీ ఖర్చులోనూ తొందరలోనూ చాలా తేడా ఉంటుంది.

తర్వాత పవర్‌ప్లే. మొదటి ఆరు ఓవర్లు. సీటు వదలకండి. ముప్ఫై గజాల వలయం బయట ఇద్దరే ఫీల్డర్లు ఉంటారు, బ్యాటర్లు గాల్లోకి కొడతారు. 2025 మార్చి 23 మధ్యాహ్నం రాజస్థాన్ మీద మన జట్టు 286 కొట్టింది కదా, అలాంటి రోజుకి పునాది పడేది ఇక్కడే.

ఆరో ఓవర్ అయిపోగానే ఆట తీరు మారుతుంది. బయట ఐదుగురిని పెట్టుకోవచ్చు. స్పిన్నర్లు వస్తారు. ఫోర్లు తగ్గి సింగిల్స్ పెరుగుతాయి. ఇక్కడ ఒక కిటుకు ఉంది. ఫీల్డింగ్ జట్టు తన టైమౌట్‌ని ఆరో ఓవర్ నుంచి తొమ్మిదో ఓవర్ లోపల తీసుకోవాలి. ఆరో ఓవర్ అవగానే తీసేసుకుంటే మీరు కదలకండి. స్టాండ్ మొత్తం అప్పుడే లేస్తుంది. రెండున్నర నిమిషాల్లో క్యూ తెమలదు. వాళ్లని వెళ్లి రానివ్వండి, మీరు పదో ఓవర్లో లేవండి. ఆరో ఓవర్ అయినా టైమౌట్ ఇంకా తీసుకోలేదంటే మాత్రం ఏడో ఓవర్ మొదట్లోనే బయల్దేరండి. మీరు కౌంటర్ ముందుకొచ్చేసరికి టైమౌట్ పడే అవకాశం ఉంది, అప్పుడు ఆ రెండున్నర నిమిషాలు మీకు కలిసొస్తాయి. ఐపీఎల్ రెండో ఏడాది, 2009లో, ఈ విరామం ఒకేసారి ఏడున్నర నిమిషాలు ఉండేది. మరుసటి ఏడాది దాన్ని రెండు చిన్న విరామాలుగా చేశారు. ఆటకి మంచిదే అయినా, టైమౌట్ మొదలయ్యాక లేచి టైమౌట్ అయ్యేలోపు తిరిగి రావడం అప్పటి నుంచి కుదరని పని.

బ్యాటింగ్ జట్టు టైమౌట్ 13 నుంచి 16 ఓవర్ల మధ్య వస్తుంది. కాబట్టి పదో ఓవర్ నుంచి పన్నెండో ఓవర్ దాకా ఉన్న ముక్క రెండు టైమౌట్ల నడుమ పడుతుంది. జనం సీట్లలోనే ఉంటారు, కౌంటర్ల దగ్గర పల్చగా ఉంటుంది. "ఏ ఓవర్లో లేవాలి?" అని నన్ను ఒక్క మాటలో చెప్పమంటే పదో ఓవర్ అంటాను. రాత్రి భోజనం లాంటిది ఏదైనా కావాలన్నా ఇప్పుడే తెచ్చుకోండి. ఎనిమిదింబావు దాటి ఉంటుంది, మనిషికి ఆకలి వేసే వేళే.

పదహారో ఓవర్ తర్వాత మళ్లీ కదలకండి. చివరి నాలుగైదు ఓవర్లలో స్కోరు ఎటు పోతుందో తేలుతుంది.

ఇక ఇన్నింగ్స్ బ్రేక్. ఇరవై నిమిషాలు. అందరూ దీని కోసమే ఆగుతారు, అందుకే మీరు ఆగకండి. లెక్కేసుకోండి: అరనిమిషానికొకరి చొప్పున పంపే చురుకైన కౌంటర్ అయినా ఇరవై నిమిషాల్లో నలభై మందిని పంపగలదు. మీ చుట్టూ ఉన్న వరసల్లో ఎంతమంది ఉన్నారో తలతిప్పి చూడండి, మీకే అర్థమవుతుంది. ఆ ఇరవై నిమిషాలు కాళ్లు చాపుకోండి, పక్కవాళ్లతో ఛేజ్ గురించి మాట్లాడండి, పదో ఓవర్లో తెచ్చుకున్నది తీరిగ్గా తినండి.

రెండో ఇన్నింగ్స్‌లోనూ ఏడో ఓవర్ నుంచి పన్నెండో ఓవర్ దాకా ఒక వెసులుబాటు ఉంటుంది. అయితే అప్పటికి రాత్రి పది కావస్తుంది. సరుకు అడుగంటుతుంది, ఉన్నది ఎప్పుడో చేసినదై ఉంటుంది. ఆ వేళకి నీళ్లు, ఐస్‌క్రీమ్, సీలు వేసిన ప్యాకెట్లు చాలు.

వాన సంగతి కూడా చెప్పాలి. మే నెలలో హైదరాబాద్ ఆకాశాన్ని నమ్మలేం. 2025 మే 5న ఢిల్లీ జట్టు 133 పరుగులు చేసి ఇన్నింగ్స్ ముగించింది, వాన పట్టుకుంది, మన జట్టు బ్యాట్ పట్టకుండానే మ్యాచ్ రద్దయింది. మబ్బు కమ్మి, సిబ్బంది కవర్లు లాక్కొస్తున్నారంటే ఆ క్షణమే లేవండి. కవర్లు పరిచి, వాన తగ్గి, కవర్లు తీసి, నేల ఆరి, అంపైర్లు చూసుకుని ఆట మొదలుపెట్టడానికి చాలాసేపు పడుతుంది. కానీ మొదటి ఐదు నిమిషాలు దాటాక తలదాచుకునే జనమంతా కౌంటర్ల ముందే ఉంటారు.

సరే, సమయం తేలింది. ఇప్పుడు క్యూ ఎంచుకోవడం. చాలామంది పొట్టి క్యూ చూసి అందులో నిలబడతారు. క్యూ పొడవుతో పాటు ఒక్కో మనిషికి ఎంతసేపు పడుతోందో చూడాలి. పాప్‌కార్న్, సమోసా, కూల్‌డ్రింక్ లాంటివి సిద్ధంగా ఉంటాయి, అందిస్తారు, డబ్బు తీసుకుంటారు, అయిపోయింది. పదిమంది ముందున్నా అరనిమిషం చొప్పున ఐదు నిమిషాల్లో తెములుతుంది. దోసె, నూడుల్స్, రోల్ లాంటివి అప్పటికప్పుడు చేసివ్వాలి. అక్కడ ఆరుగురే ఉన్నా తలా రెండు నిమిషాలంటే పన్నెండు నిమిషాలు. నిలబడే ముందు ఒక్క నిమిషం పక్కన ఆగి, ఇద్దరు ముగ్గురు ఎంత త్వరగా వెళ్తున్నారో గమనించండి. గేటు పక్కనున్న మొదటి కౌంటర్ దగ్గరే అందరూ ఆగిపోతారు. ఇంకాస్త ముందుకు నడిస్తే అదే సరుకు అమ్మే మరో కౌంటర్ ఖాళీగా కనిపించవచ్చు.

డబ్బు సంగతి. వేలమంది ఒకేచోట ఫోన్లు వాడుతుంటే నెట్‌వర్క్ నత్తనడక నడుస్తుంది, క్యూఆర్ స్కాన్ చేశాక చక్రం తిరుగుతూనే ఉంటుంది. వెనకున్నవాళ్లు విసుక్కుంటారు, మనకి కంగారు. జేబులో వందలు, యాభైలు కొన్ని పెట్టుకోండి. నాణేలు చాలాసార్లు గేటు దగ్గరే ఆపుతారు కాబట్టి నోట్లే. నగదు తీసుకోని కౌంటర్లూ ఉంటాయి గనక ఫోనూ చార్జింగ్‌తో ఉండాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఏం కొనాలి? నా మట్టుకు మూడు పరీక్షలు. ఒక్క చేత్తో తినగలమా? వేడివేడిగా ఉందా, లేదంటే చల్లచల్లగా ఉందా? కింద పడితే పక్కవాళ్ల బట్టలు పాడవుతాయా? ఈ మూడింటికీ నిలిచేవి సమోసా, పఫ్, పాప్‌కార్న్, ఉడికించిన మొక్కజొన్న. గ్రేవీ ఉన్నదేదైనా కూర్చున్న చోట ప్రమాదమే. సిక్సర్ వెళ్లిందంటే ముందు వరస, వెనక వరస అందరూ ఒక్కసారి లేస్తారు, మోచేతులు తగులుతాయి.

సమోసాని కాస్త దగ్గరగా చూడండి. అప్పుడే వేయించిన దాని పైపొర మీద చిన్నచిన్న బొబ్బలుంటాయి, కొసలు బిర్రుగా ఉంటాయి, వేలితో తడితే చప్పుడు వస్తుంది. బల్బు వెలిగే అద్దాలపెట్టెలో చాలాసేపు ఉన్నదైతే మడతల దగ్గర మెత్తబడి, నూనె కాగితానికి దిగి ఉంటుంది. పెట్టె అద్దానికి లోపలివైపు చెమ్మ పట్టి నీటిబొట్లు కనబడితే ఆ ఆవిరంతా సమోసాల్లోకీ పఫ్‌ల్లోకీ చేరిందన్నమాట. పఫ్ అయితే అడుగుపొర చూడండి. పైన పొరలుపొరలుగా కరకరలాడుతున్నా, అడుగు సాగుతుంటే పాతదే. "ఇప్పుడు వేస్తున్న వాయిలోవి ఇవ్వన్నా" అని అడగండి, ఒక్క నిమిషం ఆగమంటారు. ఆ నిమిషం ఆగడం దండగ కాదు.

బిర్యానీ. హైదరాబాద్‌లో బిర్యానీ వద్దని ఎవరికీ చెప్పను, ఎప్పుడు తినాలో మాత్రం చెబుతాను. డబ్బా మూత తీయగానే ఆవిరి రావాలి. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషాన్ని తయారుచేస్తాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. వండిన పదార్థం వేడిగా ఉంచితే 60 డిగ్రీలకు పైన ఉండాలని, మామూలు గది వేడిమిలో రెండు గంటలకు మించి ఉంచకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే సూత్రం. స్టేడియంలో డబ్బాలు బయటెక్కడో వండి, నింపి తెస్తారు. ఏడింటికి వేడిగా ఉన్న డబ్బా పదిన్నరకి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అందుకని బిర్యానీ తినదలిస్తే టాస్‌కి ముందు, లేకపోతే పదో ఓవర్లో. గోరువెచ్చని డబ్బాని మొహమాటపడకుండా తిరిగిచ్చేయండి. పిల్లలకి అసలు పెట్టకండి.

రోల్స్, శాండ్‌విచ్‌ల్లో వేసే మయోనైజ్ దగ్గరా జాగ్రత్త. పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో ఏడాదిపాటు నిషేధించింది. ఎండలో, ఉక్కలో త్వరగా పాడయ్యే సరుకు అది. కౌంటర్ మీద ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల నంబరు రాసి ఉందో లేదో కూడా చూడండి. ఉన్నచోట కొనడం మన హక్కుకి మనం ఇచ్చే విలువ.

తిండి కన్నా ముందు నీళ్లు. మధ్యాహ్నం మూడున్నర మ్యాచ్‌కి ఏప్రిల్ ఎండలో కూర్చుంటే దాహం తెలిసేసరికే ఒంట్లో నీళ్లు తగ్గి ఉంటాయి. లోపలికి వెళ్లగానే మొదట కొనాల్సింది నీళ్లు. మజ్జిగ దొరికితే ఇంకా మంచిది, చెమటలో పోయిన ఉప్పు తిరిగొస్తుంది. కూల్‌డ్రింక్ తియ్యదనంతో దాహం తీరినట్టే ఉంటుంది గానీ మళ్లీ వెంటనే గొంతు ఎండుతుంది. 2023 వన్డే ప్రపంచకప్‌లో ప్రేక్షకులకి తాగునీరు ఉచితంగా ఇస్తామని బీసీసీఐ ప్రకటించింది. ఒక టోర్నీకి చేయగలిగినది ప్రతి మ్యాచ్‌కీ చేయొచ్చు, చేయాలి. ఇంటి నుంచి నీళ్లు తేవద్దన్నప్పుడు లోపల నీళ్లివ్వడం నిర్వాహకుల బాధ్యతే.

ఉచితం మాట వచ్చింది కాబట్టి ధరల గురించీ ఒక మాట. ప్యాకెట్ మీద, సీసా మీద ముద్రించిన గరిష్ఠ ధరకి మించి కౌంటర్లో అమ్మకూడదని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. ఎవరైనా ఎక్కువ అడిగితే గొడవపడనక్కర్లేదు. ముద్రించిన ధర చూపించి నెమ్మదిగా అడగండి. వినకపోతే సీసా, కౌంటర్ రెండూ కనబడేలా ఫొటో తీసుకుని 1915 నంబరుకి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేయండి.

తక్కువ ధరకి అమ్మితే స్టేడియం నష్టపోతుందని వాదించేవాళ్లకి అట్లాంటా సంగతి చెప్పండి. మనవాళ్లు ఎంతోమంది ఉంటున్న ఊరే అది. అక్కడ 2017లో తెరిచిన మెర్సిడెస్ బెంజ్ స్టేడియంలో హాట్‌డాగ్ రెండు డాలర్లు, నీళ్ల సీసా రెండు డాలర్లు, ఎన్నిసార్లయినా నింపుకోగల కూల్‌డ్రింక్ రెండు డాలర్లు పెట్టారు. జట్టు పాత స్టేడియం ధరల్లో దాదాపు సగం. మొదటి సీజన్ పూర్తయ్యేసరికి ఒక్కో ప్రేక్షకుడు తిండి మీద పెట్టిన ఖర్చు 16 శాతం పెరిగింది. ధర అందుబాటులో ఉంటే జనం ముందే వస్తారు, లోపలే తింటారు, పిల్లలకి అడిగింది కొనిపెడతారు. మన దగ్గరా ఎవరో ఒకరు చేసి చూడాలని నాకు గట్టిగా ఉంది.

ఇదంతా ఇరవై ఓవర్ల ఆట. వన్డే అయితే తొందర లేదు. మొదటి పది ఓవర్లు, చివరి పది ఓవర్లు వదలకండి. నడిమి ముప్ఫై ఓవర్లలో డ్రింక్స్ విరామానికి కాస్త ముందు లేస్తే చాలు. అయినా స్కోరు చూసుకునే లేవండి. 2023 అక్టోబరు 10న ఉప్పల్‌లో పాకిస్థాన్ శ్రీలంక మీద 345 పరుగుల లక్ష్యాన్ని ఛేదించి ప్రపంచకప్ రికార్డు పెట్టింది. రెండు జట్లలో కలిపి నాలుగు సెంచరీలు. విశాఖలో 2025 అక్టోబరు 12న మహిళల ప్రపంచకప్‌లో మన అమ్మాయిలు 330 చేస్తే, అలీసా హీలీ 142తో ఆస్ట్రేలియా దాన్ని ఛేదించింది. అలాంటి రోజుల్లో నడిమి ఓవర్లు కూడా ఖాళీగా ఉండవు. విశాఖలో సముద్రపు ఉక్క వేరు, అక్కడ నీళ్లు ఇంకో రెండు మార్లు తెచ్చుకోండి.

టెస్ట్ మ్యాచ్ తినేవాళ్లకి హాయి. రెండు గంటల ఆట, నలభై నిమిషాల లంచ్, మళ్లీ రెండు గంటలు, ఇరవై నిమిషాల టీ. తొమ్మిదిన్నరకి మొదలైతే పదిన్నర డ్రింక్స్ సమయంలోనే మధ్యాహ్న భోజనం కొని పెట్టుకోండి. 2024 జనవరిలో ఇంగ్లండ్ మీద ఉప్పల్ టెస్ట్ నాలుగో రోజు ఇదే ఉపయోగపడేది. 231 లక్ష్యంతో దిగిన భారత జట్టు 202కి ఆలౌటైంది, ఇంగ్లండ్ స్పిన్నర్ హార్ట్లీ ఏడు వికెట్లు తీశాడు. ఆ సాయంత్రం టీ తర్వాత మైదానం మీద నుంచి కళ్లు తిప్పుకునే వీలు లేదు.

ఇంట్లోవాళ్లతో వెళ్లేవారికి మరికొన్ని మాటలు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ తీసుకునే పెద్దవాళ్లు మీతో ఉంటే మందుల చీటీ దగ్గర పెట్టుకోండి. వాళ్ల భోజనవేళ ఎనిమిదిన్నరైతే ఆట ఎంత బిగువుగా ఉన్నా ఎనిమిదిన్నరకి తినిపించాల్సిందే, ఆ ఒక్క విషయంలో ఆటని చూసుకోకండి. చంటిపిల్లల పాలసీసా అనుమతిస్తారో లేదో టికెట్ మీది నిబంధనల్లో ముందే చదవండి. నలుగురు వెళ్తే నలుగురూ లేవక్కర్లేదు. వంతులు వేసుకోండి. ఎవరికేం కావాలో ఒకరి ఫోన్లో రాసుకుని ఒకరే వెళ్లండి. మొదటి ఇన్నింగ్స్‌లో వెళ్లినవాళ్లు రెండో ఇన్నింగ్స్‌లో వెళ్లకూడదు, అది న్యాయం.

తిరిగొచ్చేటప్పుడు ఓవర్ నడుస్తుంటే మెట్ల మొదట్లోనే ఆగండి. వెనక వరసలవాళ్లకి అడ్డం రాకూడదు. సైట్‌స్క్రీన్ దగ్గరి స్టాండ్ అయితే మరీను. బౌలర్ చేతి వెనక మనిషి కదిలితే బ్యాటర్ ఆట ఆపేస్తాడు. ట్రే పట్టుకుని మెట్లెక్కి దిగే కుర్రాళ్లు ఉంటారు, వాళ్ల దగ్గర కొంటే మీరు లేవాల్సిన పనే లేదు. ఆ బరువుతో రాత్రి పదకొండున్నర దాకా ఎక్కి దిగేవాళ్లు ఆటలో ఒక్క ఓవర్ కూడా పూర్తిగా చూడలేరు. చిన్న నోట్లు సిద్ధంగా పెట్టుకోండి, ఓవర్ మధ్యలో పిలిచి నిలబెట్టకండి, అందుకున్నాక ఒక మంచి మాట చెప్పండి.

కాబట్టి ఈసారి టికెట్ బుక్ చేసేటప్పుడే మీ బృందంలో ఎవరు ఏ ఓవర్లో లేస్తారో అనుకోండి. ఆరింటికి లోపల ఉండండి, ముందు నీళ్లు కొనండి, పదో ఓవర్లో వేడిగా తెచ్చుకోండి, చివరి ఓవర్లు హాయిగా చూడండి. తిన్న ప్లేటూ తాగిన గ్లాసూ సీటు కింద వదలకుండా చెత్తడబ్బాలో వేసి రండి. అర్ధరాత్రి మనం ఇళ్లకి చేరాక ఆ వరసలన్నీ ఊడ్చేవాళ్లకీ ఇల్లుంది, వాళ్లూ త్వరగా చేరాలి.